ఫోటో ఎలా ఉందని అడగండి, నేనెలా ఉన్నానని కాదు

మీ ఫోటో మీరే తీసుకున్నారు. చెయ్యి చాపి నొక్కిన సెల్ఫీ కాదు. ఫోన్‌ని కిటికీ దగ్గర నిలబెట్టారు. టైమర్ పెట్టారు. వెలుతురు చూసుకున్నారు. అటూ ఇటూ పరిగెత్తారు. చివరికి ఒకటి బాగా కుదిరిందనిపించింది.

ఫ్రెండ్‌కి చూపించారు. "సూపర్ మామా!" అన్నాడు. అక్కకి పంపారు. "ఏంట్రా ఇంత చిక్కిపోయావ్, తింటున్నావా లేదా?" అంది. ఫ్యామిలీ గ్రూపులో పెడితే బాబాయ్ దండం ఎమోజీ పెట్టాడు.

ఇప్పుడు చెప్పండి. వీటిలో ఏ మాట పట్టుకుని రేపు ఇంతకంటే మంచి ఫోటో తీస్తారు?

ఒక్కటీ అందుకు పనికిరాదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. మీరు "ఎలా ఉంది?" అని మాత్రమే అడిగారు. ఫోటోలో ఉన్నది మీరు. కాబట్టి వాళ్లు మీ గురించి చెప్పారు.

మీ ఫోటో మీరు తీసుకున్నప్పుడు అందులో ఇద్దరుంటారు. లెన్స్ ముందు కూర్చున్న మనిషి ఒకరు. షట్టర్ నొక్కిన మనిషి ఇంకొకరు. ఇద్దరూ మీరే. కానీ ఫీడ్‌బ్యాక్ కావాల్సింది షట్టర్ నొక్కిన మనిషికి. ఈ ఒక్క తేడా మనసులో గట్టిగా పెట్టుకోండి. మీ ఫోటోలు మారతాయి. విమర్శ వినేటప్పుడు గుండె దడ కూడా తగ్గుతుంది.

ఫీడ్‌బ్యాక్ ఎక్కడ తగలాలి?

1996లో అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన పాత ప్రయోగాల ఫలితాలు ఆరు వందలకు పైగా ఒకచోట చేర్చి చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడో వంతు కంటే ఎక్కువ సందర్భాల్లో పనితీరు పడిపోయింది! వాళ్లు ఇచ్చిన వివరణ మనకి చాలా ముఖ్యం. దృష్టి పని మీద నుంచి "నేనెలాంటివాణ్ని" అనే ఆలోచన మీదకి జారే కొద్దీ ఫీడ్‌బ్యాక్ బలం తగ్గుతుంది.

మిగతా కళల్లో ఈ జారుడు కాస్త తక్కువ. మీరు తీసిన గుడి గోపురం ఫోటో బాగాలేదంటే గోపురం బాధపడదు. సెల్ఫ్ పోర్ట్రెయిట్‌లో మీ పని మీ ముఖం మీదే జరిగింది. "ఇక్కడ నీడ పడింది" అని ఎవరైనా అన్నా మీకు "నీ కళ్ల కింద నలుపు" అని వినిపిస్తుంది. అందుకే ఈ విద్యలో ఫీడ్‌బ్యాక్ తీసుకోవడం నేర్చుకున్నవాళ్లు ఆఫీసులో బాస్ మాటనీ నిబ్బరంగా వినగలరు. ఇది అంత మంచి ప్రాక్టీస్.

ముందు మీ జడ్జిమెంట్‌ని పక్కన పెట్టండి

ఫోటో తీయగానే డిలీట్ చేసే అలవాటుందా? ఈ రోజే మానేయండి. మీ ముఖం విషయంలో మీరు మంచి జడ్జి కారు. ఎవరూ కారు.

1977లో మీటా, డెర్మర్, నైట్ అనే పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం చేశారు. ఒకే మనిషి ఫోటోని రెండు రకాలుగా ప్రింట్ చేశారు. ఒకటి మామూలుది. రెండోది అద్దంలో కనిపించినట్టు కుడి ఎడమలు తిప్పింది. ఫోటోలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది అద్దం రూపాన్ని ఇష్టపడ్డారు. వాళ్ల స్నేహితుల్లో ఎక్కువమంది మాత్రం మామూలు ఫోటో బాగుందన్నారు. కారణం సింపుల్. మనం రోజూ చూసుకునేది అద్దంలో. మనల్ని మిగతావాళ్లు చూసేది ఎదురుగా. కంటికి అలవాటైనదే నచ్చుతుంది.

కాబట్టి "ఏదో తేడాగా ఉన్నాను" అనిపిస్తే ఫోటోని ఎడిట్‌లో కుడి ఎడమలు తిప్పి చూడండి. ఇప్పుడు నచ్చిందా? అయితే లోపం ఫోటోలో లేదు. తిప్పకుండానే ఉంచండి. రెండు రోజులు ఆగండి. తర్వాత చూడండి.

ముఖంతో మొదలుపెట్టకండి

ఇది నేను అందరికీ చెప్పే మొదటి మెట్టు. ఫీడ్‌బ్యాక్ అడగడం కొత్తయితే ముఖం కనిపించని సెల్ఫ్ పోర్ట్రెయిట్ తీయండి. సాయంత్రం డాబా మీద సాగిన మీ నీడ. బస్సు కిటికీలో మసగ్గా మీ ప్రతిబింబం. ముగ్గు వేస్తున్న మీ చేతులు. స్టీల్ బిందె మీద వంకర తిరిగిన మీ రూపం. వీటిని చూసి ఎవరూ "చిక్కిపోయావ్" అనలేరు. చచ్చినట్టు ఫోటో గురించే మాట్లాడాలి!

ఈ దారిలో మహా గొప్ప పని చేసినామె ఒకరున్నారు. వివియన్ మాయర్. అమెరికాలోని షికాగోలో పిల్లల ఆయాగా పనిచేశారు. ఖాళీ దొరికితే కెమెరా మెడలో వేసుకుని వీధుల్లో తిరిగారు. షాపు అద్దాల్లో తన ప్రతిబింబాన్ని, రోడ్డు మీద తన నీడని మళ్లీ మళ్లీ తీసుకున్నారు. ఆ ఫోటోలు దాదాపు ఎవరికీ చూపించలేదు. 2007లో ఆమె సామాను వేలానికి వస్తే నెగెటివ్‌లు బయటపడ్డాయి. 2009లో ఆమె చనిపోయాకే ప్రపంచానికి ఆమె పేరు తెలిసింది.

"చూశారా, ఆమెకి ఫీడ్‌బ్యాక్ లేదుగా!" అంటారేమో. నిజమే. ఆమె లక్షకు పైగా ఫ్రేములు తీశారు. అంత తీస్తే ఆ తీయడమే నేర్పిస్తుంది. మీకు ఉద్యోగం ఉంది, ఇల్లుంది, ఆదివారం ఒక గంట దొరుకుతుంది. ఆ గంటని ఫలవంతం చేసేది ఇంకొకరి చూపే. పైగా, ఆమె ఒక్క ఫోటో గురించైనా ఎవరితోనైనా మాట్లాడి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఎవరిని అడగాలి?

అమ్మని అడక్కండి. అమ్మకి మీరు కనపడతారు, ఫోటో కనపడదు.

ముగ్గురు చాలు. మొదటివారు మీ ఊళ్లో స్టూడియో నడిపే ఫోటోగ్రాఫర్. ఆయన్ని మనం తక్కువ అంచనా వేస్తాం. "గడ్డం కొంచెం దించండి, భుజం ఇటు తిప్పండి" అంటూ ఎన్ని వేల ముఖాల్ని సరిచేసి ఉంటారో ఆలోచించండి. మన దగ్గర ఈ విద్యకి పాత వేర్లున్నాయి. 19వ శతాబ్దం చివర్లోనే రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్‌గా ఉన్నారు. మీ వీధి చివర స్టూడియో ఆయనది కూడా ఆ విద్యే. పెళ్లిళ్ల సీజన్‌లో వెళ్లకండి. ముహూర్తాలు లేని ఆషాఢంలోనో, మధ్యాహ్నం ఖాళీ వేళలోనో వెళ్లండి. మీ ఫోటో ఒకటి 4×6 సైజు ప్రింట్ వేయించుకోండి. ప్రింట్ చేతికి వచ్చాక "అన్నా, లైటు ఎలా పడింది?" అని అడగండి. ఆయన మాట్లాడటం మొదలుపెడితే మీరు నోట్‌బుక్ తీయాల్సిందే.

రెండోవారు మీకంటే ఒక మెట్టు పైనున్న హాబీ ఫోటోగ్రాఫర్. పది మెట్లు పైనున్నవాళ్లు వద్దు. వాళ్లు చెప్పేది మీరు రేపు చేయలేరు. ఒక మెట్టు పైవాళ్లకి మీ ఇబ్బంది నిన్నటిదే కాబట్టి బాగా గుర్తుంటుంది.

మూడోవారికి కెమెరా గురించి ఏమీ తెలియకూడదు. చూసింది చూసినట్టు చెప్పాలి. పదేళ్ల పిల్లలు దీనికి బెస్ట్. "వెనకాల బకెట్ ఎందుకుంది?" అని సూటిగా అడిగేస్తారు.

ఒక జాగ్రత్త. ఫోటో పంపడం కంటే మీ ఫోన్‌లోనో, ప్రింట్‌లోనో పక్కన కూర్చుని చూపించండి. మీ ఫోటో మీ చేతిలోనే ఉంటుంది. వాళ్ల కళ్లు ఎక్కడ ఆగాయో కూడా మీకు తెలుస్తుంది.

ఎలా అడగాలి?

లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్య దర్శకురాలు కళాకారులు ఫీడ్‌బ్యాక్ తీసుకోవడానికి ఒక పద్ధతి తయారు చేశారు. నాలుగు మెట్లు. ముందు చూసినవాళ్లు తమకి ఏది తాకిందో చెప్తారు. తర్వాత కళాకారుడు ప్రశ్నలు అడుగుతాడు. ఆ తర్వాత చూసినవాళ్లు తీర్పు కలపకుండా ప్రశ్నలు అడుగుతారు. చివర్లో, కళాకారుడు సరే అంటేనే, అభిప్రాయం చెప్తారు.

ఈ వరస చూడండి. అభిప్రాయం ఆఖర్న వచ్చింది! మన ఇళ్లలో అది మొదటే వచ్చేస్తుంది. అందుకే మనం ముడుచుకుపోతాం.

మీరు అడగడానికి కొన్ని ప్రశ్నలు ఇస్తున్నాను. అన్నీ ఒకేసారి వద్దు. ఒక ఫోటోకి రెండు చాలు.

- చూడగానే మీ కన్ను ముందు ఎక్కడికి వెళ్లింది?
- ఇది ఏ టైంలో తీసినట్టుంది?
- ఇందులోంచి ఒక్క వస్తువు తీసేయాలంటే ఏది తీసేస్తారు?
- ఈ మనిషి ఇప్పుడేం ఆలోచిస్తున్నట్టుంది?
- పోజు పెట్టినట్టుందా, మామూలుగా ఉన్నట్టుందా?

నాలుగో ప్రశ్నలో "ఈ మనిషి" అన్నాను, గమనించారా? "నేను" అనకండి. ఆ ఒక్క మాటతో ఎదుటివాళ్లకి మొహమాటం పోతుంది.

ఇంకో ట్రిక్. ఒక ఫోటో కాదు, రెండు చూపించండి. "ఈ రెండిట్లో ఏది? ఎందుకు?" అనండి. ఒక్కటి చూపిస్తే "బాగుంది" అని తప్పించుకుంటారు. రెండు చూపిస్తే ఎంచుకోక తప్పదు. ఎంచుకుంటే కారణం చెప్పక తప్పదు. పది చూపిస్తే మాత్రం అసలు చూడరు.

వాళ్లు మాట్లాడుతుంటే మీరు మాట్లాడకండి. "ఫోన్ పాతదండీ", "కరెంటు లేదప్పుడు" అనే మాటలు బ్యాన్. అంతకంటే ముఖ్యంగా "ఏదో సరదాకి తీశాలెండి" అని మొదలుపెట్టకండి. మీరే మీ పనిని చిన్నది చేస్తే వాళ్లు పెద్దగా ఎందుకు చూస్తారు? సరదాగా తీసిన ఫోటోకి కూడా శ్రద్ధగా చూసే కళ్లు కావాలి. ఆ శ్రద్ధ మీ గొంతులో ముందు వినిపించాలి.

వాళ్ల మాటని కెమెరా భాషలోకి మార్చండి

అసలు స్కిల్ ఇక్కడుంది. ఎంత నేర్పుగా అడిగినా మనవాళ్లు మన ముఖం గురించే చెప్తారు. చెప్పనివ్వండి. ఆ మాటని మీరు మార్చుకోండి. ఇది నేర్చుకుంటే ఏ కామెంటూ వృథా పోదు.

"ముక్కు పెద్దగా వచ్చింది." దీని అర్థం: కెమెరా మరీ దగ్గరగా ఉంది. 2018లో అమెరికాలో సర్జన్లు, కంప్యూటర్ నిపుణులు కలిసి దీన్ని లెక్కగట్టారు. 5 అడుగుల దూరం నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే 12 అంగుళాల దూరం నుంచి తీసిన దాంట్లో, ముఖం వెడల్పుతో పోల్చినప్పుడు ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. సెల్ఫీలు చూసి ముక్కు గురించి బెంగపడేవాళ్లందరూ ఇది గుర్తుపెట్టుకోండి. లోపం ముక్కులో లేదు. దూరంలో ఉంది. ఫోన్‌ని 5 అడుగుల అవతల స్టూల్ మీద, పుస్తకాలకి ఆనించి పెట్టండి. వెనక కెమెరా వాడండి. 2ఎక్స్ జూమ్ ఉంటే అది నొక్కండి. టైమర్ 10 సెకన్లు.

"నీరసంగా ఉన్నావేంటి?" దీని అర్థం: వెలుతురు నెత్తి మీద నుంచి పడుతోంది. ట్యూబ్‌లైటు కింద నిలబడితే, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడితే కనుబొమల నీడ కళ్లలో పడుతుంది. రాత్రంతా నిద్రపోయి వచ్చినా నీరసంగానే కనిపిస్తారు. లైటు ఆపేయండి. కిటికీకో వసారాకో ముఖం పెట్టండి. కంట్లో చిన్న తెల్లటి మెరుపు కనిపించాలి. అది వచ్చిందంటే ముఖం లేచినట్టే.

"పాస్‌పోర్టు ఫోటోలా ఉంది." దీని అర్థం: భుజాలు రెండూ కెమెరాకి సమానంగా ఉన్నాయి, వెలుతురు ముఖమంతా ఒకేలా ఉంది, వెనక ఖాళీ గోడ. ఒక భుజాన్ని కొంచెం వెనక్కి తిప్పండి. కిటికీ మీకు ఎదురుగా కాకుండా పక్కకి వచ్చేలా కూర్చోండి.

"నల్లగా వచ్చావు." దీని దగ్గర కాసేపు ఆగుదాం.

ఈ మాట వెనక రెండు వేర్వేరు సంగతులుంటాయి. ఒకటి కెమెరాది. కెమెరా మొత్తం సీన్‌ని సగటు బూడిద రంగు వెలుగుకి తెచ్చే ప్రయత్నం చేస్తుంది. మీ వెనక సున్నం కొట్టిన తెల్లగోడో, ఎండపడే గుమ్మమో ఉంటే, కెమెరా ఆ తెలుపుని తగ్గిస్తుంది. దాంతో పాటు మీ ముఖమూ చీకటైపోతుంది. స్క్రీన్ మీద ముఖాన్ని తాకండి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని పైకి జరపండి. లేదా ఎదురుగా ఒక తెల్ల దుప్పటి కుర్చీ మీద పరవండి. వెలుతురు దాని మీద పడి ముఖానికి తిరిగొస్తుంది.

రెండోది మీ రంగు గురించి వాళ్లకున్న అభిప్రాయం. అది ఫీడ్‌బ్యాక్ కాదు. దాన్ని తీసుకోవాల్సిన అవసరం మీకు లేదు. చర్మాన్ని తెల్లగా, నున్నగా చేసే బ్యూటీ మోడ్‌ని సెట్టింగ్స్‌లో ఆఫ్ చేయండి. కావాల్సింది తెలుపు కాదు, చర్మం మీద వివరం. చామనఛాయ, నలుపు చర్మం మీద పక్క నుంచి పడే మెత్తటి వెలుతురు ఎంత అందమైన మెరుపు ఇస్తుందో ఒక్కసారి తీసి చూడండి. కిటికీ పక్కన, సాయంత్రం నాలుగున్నర, అయిదు మధ్య. ఆ మెరుపుని చెరిపేసే ఫిల్టర్‌కి మీ ఫోన్‌లో చోటివ్వకండి.

బరువు, బట్టతల, పళ్ల వరస, మొటిమలు... వీటి మీద వచ్చే మాటలకీ ఇదే రూల్. "అది సరే, వెలుతురు ఎలా ఉంది?" అని మర్యాదగా, నవ్వుతూ మళ్లీ ప్రశ్న దగ్గరికి తీసుకురండి. రెండుసార్లు తీసుకొచ్చినా రాకపోతే వాళ్లకి ఫోటోలు చూపించడం ఆపేయండి. వాళ్లతో బంధం అలాగే ఉంటుంది. మీ ఫోటోల జడ్జి పదవి మాత్రం పోతుంది.

క్యాజువల్‌గా కనిపించడం ఒక పని

"సహజంగా లేదు" అనేది సెల్ఫ్ పోర్ట్రెయిట్‌కి తరచూ వచ్చే కామెంట్. ఇది మంచి కామెంట్. పట్టుకోండి.

1839లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే యువకుడు తన ఫోటో తానే తీసుకున్నాడు. ఇప్పటికి మిగిలిన తొలి ఫోటో సెల్ఫ్ పోర్ట్రెయిట్‌లలో అదొకటి. అందులో అతను ఫ్రేమ్ మధ్యలో లేడు. జుట్టు చెదిరి ఉంది. చేతులు కట్టుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత చూసినా నిన్న తీసినట్టుంటుంది. నున్నగా దువ్విన తల, మధ్యలో కొలత ప్రకారం నిలబడిన మనిషి అయితే ఈ ప్రాణం వచ్చేది కాదు.

మన దేశంలో ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ ఉన్నారు. 1870 నుంచి 1954 దాకా జీవించారు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి. సంస్కృత, పర్షియన్ పండితుడు. ఫోటోగ్రఫీ ఆయనకి వృత్తి కాదు. అయినా దశాబ్దాల పాటు తన ఫోటోలు తాను తీసుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాత మనవడు వివాన్ సుందరం ఆ పాత ఫోటోలతో కొత్త చిత్రాలు అల్లి ప్రపంచానికి చూపించారు. అమెచ్యూర్ అనే మాటకి నేను ఇచ్చే గౌరవం ఈయన్ని చూసి వచ్చిందే.

సహజంగా కనిపించాలంటే చేతికి పని ఇవ్వండి. చిక్కుడుకాయలు ఒలవండి. జడ అల్లుకోండి. షూ లేసు కట్టుకోండి. టీ తాగండి. టైమర్‌లో ఒక్క షాట్ కాకుండా వరసగా పది తీసే ఆప్షన్ పెట్టండి. మొదటి మూడూ పోజులే వస్తాయి. పని మీద ధ్యాస పడ్డాక వచ్చే ఫ్రేములు చూడండి. ఫోకస్ తప్పకుండా ఉండాలంటే ముందు మీరు కూర్చునే చోట కుర్చీ పెట్టి, దాని మీద ఫోకస్ లాక్ చేసి, తర్వాత అక్కడ కూర్చోండి.

ఒక్కటే మార్చండి

ముగ్గురి మాటలూ నోట్‌బుక్‌లో రాయండి. వాళ్ల మాటల్లోనే రాయండి. పక్కన కెమెరా భాషలో అర్థం రాయండి. ముగ్గురిలో ఇద్దరు ఒకే చోట వేలు పెట్టారా? వాదన లేదు, అది మార్చాలి. ఒక్కరే అన్నారా? రాసి ఉంచండి. తర్వాతి ఫోటోకి మళ్లీ వస్తుందేమో చూద్దాం.

వచ్చే ఆదివారం మళ్లీ తీయండి. అదే కిటికీ, అదే చొక్కా, అదే టైం. మార్చేది ఒక్కటే. దూరం మారిస్తే దూరమే. వెలుతురు దిక్కు మారిస్తే దిక్కే. అన్నీ కలిపి మారిస్తే ఫోటో బాగుపడినా ఎందుకు బాగుపడిందో మీకు తెలియదు. తెలియనిది మళ్లీ చేయలేరు.

తర్వాత పాతదీ కొత్తదీ రెండు ప్రింట్లు తీసుకుని స్టూడియో అన్న దగ్గరికి వెళ్లండి. పక్కపక్కన పెట్టండి. మీరేం మార్చారో చెప్పకండి. "అన్నా, ఈసారి ఏం మారింది?" అని మాత్రమే అడగండి. ఆయన చెప్పగలిగితే మీ మార్పు ఫోటోలో చేరింది. చెప్పలేకపోతే మీరు మార్చింది చాల్లేదు. మార్చినదాన్నే ఇంకొంచెం ఎక్కువ మార్చి, ఇంకోసారి తీయండి.